క్రెడిట్ కార్డు ఖాతా మూయునపుడు



పరపతి యనునది మనకు క్రొత్తమాట కాదు. కాగితము వ్రాయించుకొనకయే షావుకారు రొక్కము లెక్కపెట్టి యిచ్చినచో, ఆ రైతునకు ఊర పరపతి కలదని చెప్పుకొందుము. మాట దప్పని చెల్లింపులవలన అది సమకూడును. ఒక్క ఎగవేతచే పోవును. పూర్వము దానిని తూచినది ఊరివారి నోరు. ఇప్పుడు దానిని అంకెలలో తూచు సంస్థలు దేశమున నున్నవి. 300 మొదలు 900 వఱకు నుండు ఆ సంఖ్యను క్రెడిట్ స్కోరందురు. ఇంటికో, బండికో అప్పడిగినపుడు బ్యాంకువారు తొలుత చూచువానిలో నిది యొకటి.

మన గ్రామములనుండి విశాఖపట్టణమునకు పోయి, ఓడరేవునందును, ఉక్కు కర్మాగారమునందును, వానిని ఆశ్రయించిన పనులయందును కుదురుకొన్న పిల్లలలో పెక్కురియొద్ద క్రెడిట్ కార్డులు కలవు. పండుగకు వచ్చిన కొడుకు జేబులో దానిని చూచి, "అప్పును జేబులో పెట్టుకొని తిరుగుట యేమిరా? తీసి పాఱవేయుము" అని మనము మందలింతుము. మందలింపు మంచిదే. కాని పాఱవేయు విధము తెలియనిచో ఆ పిల్లవాని పరపతికే చేటు. నేటి ప్రసంగమునకు విషయమిదియే.

కార్డు మన ఆంధ్రులకు పరాయి వస్తువేమియు గాదు. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి, దేశమున నీ పనికి బూనిన తొలి బ్యాంకులలో నొకటి యయ్యెను. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో లీనమయ్యెను. 2000లో సిబిల్ సంస్థ పుట్టెను. 2005లో పరపతి సమాచార సంస్థలకు చట్టము వచ్చెను. ఇప్పుడు సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలకు బ్యాంకులు తమ ఖాతాల వివరములను పంపుచున్నవి. ఒకచోట చేసిన ఆలస్యము ఇప్పుడు నాలుగు చోట్ల పద్దున కెక్కును.

ఇక అసలు సంగతి. ప్రామిసరీ నోటు బాకీ తీఱగానే చెల్లు వేయించి, నోటు పుచ్చుకొని చించివేయుదుము. దానితో ఋణము ముగిసినది. ఈ యలవాటుచేతనే మనము కార్డును గూడ విఱిచి పాఱవేయుమందుము. కాని కార్డు నోటు వంటిది కాదు. ఖాతా యను నింటికి తాళపుచెవి వంటిది. తాళపుచెవిని నూతిలో పడవేసినంత మాత్రమున ఇంటిపన్ను నిలిచిపోదు గదా!

నా పూర్వశిష్యు డొకడు ఉక్కు కర్మాగారమున నుద్యోగి. కార్డు బాకీ యంతయు తీర్చి, తండ్రి మాటపై దానిని కత్తెరతో రెండు ముక్కలు చేసెను. ఖాతాను మూయుమని మాత్రము బ్యాంకునకు తెలుపలేదు. ఏడాది తిరుగగానే సాలు రుసుము పద్దున బడెను. దానిపై ఆలస్య రుసుము, ఆ రెంటిపై వడ్డీ పెరిగెను. ఫోను నంబరు మార్చుకొనుటచే కబురు లతని కందలేదు. కొన్నియేండ్లకు గాజువాకలో ఇల్లు కొన నెంచి, బయానా యిచ్చి, అప్పునకై పోగా, ఏ వస్తువును కొనకయే తాను మొండి బాకీదారుడనని యప్పుడు తెలిసెను. ఆ లెక్క సరిచేయించు లోపల గడువు దాటెను. ఇల్లు వేఱొకరి పాలయ్యెను. తండ్రి చెప్పినది ధర్మమే, కొడుకు చేసినది విధేయతయే. నడుమ లోపించినది ఒక చెల్లు కాగితము. అగ్నిశేషమువలె ఋణశేషమును మిగుల్పరాదని పెద్దలందు రిందుకే.

సరిగా మూసినచో స్కోరు తగ్గదా యని మీరడుగవచ్చును. ఒక్కొకప్పుడు తగ్గును. కారణము వినుడు. ఒకనికి రెండు కార్డులున్నవనుకొందము. ఒకదానిపై లక్ష రూపాయలవఱకును, రెండవదానిపై 50 వేలవఱకును వాడుకొనుటకు అనుమతి కలదు. మొత్తము లక్షయేబదివేలు. అతడు నెలకు 30 వేలు వాడును. అనగా నూటికి 20 వంతులు. ఇప్పుడు లక్ష రూపాయల కార్డు ఖాతాను మూసెను. వాడుక మారలేదు, అనుమతి మాత్రము 50 వేలకు దిగెను. నూటికి 20 ఉన్నది 60 అయ్యెను. చేతికందిన దానిలో సగమునకు మించి వాడుకొనువాడు ఇరుకున నున్నాడని లెక్కగట్టువారి తలంపు. నూటికి 30కి లోపల నుంచుట మేలని యెఱిగినవారు చెప్పుదురు.

రెండవ కారణము ఖాతా వయస్సు. ఇరువది యేండ్ల ఖాతాదారునకును, నిన్న మొన్న వచ్చినవానికిని షావుకారు సమముగా విలువ నీయడు గదా. మిక్కిలి పాత కార్డును మూసి, క్రొత్తదానిని నిలుపుకొనుట అందుచే మంచిది కాదు. ఐనను మూసినంతనే పాత మంచి చెల్లింపులు తుడిచిపెట్టుకొని పోవు. పరపతి సంస్థలు ఆ వివరములను కనీసము 7 సంవత్సరము లుంచవలెనని నియమము. స్కోరు ఎన్ని యంకములు తగ్గునో ముందుగా చెప్ప వీలులేదు; ఏలయన ఆ సంస్థలు లెక్కగట్టు సూత్రమును పూర్తిగా బయటపెట్టవు.

మూయుటలో రెండు తెఱగులు కలవు. బాకీ పూర్తిగా చెల్లించి మూసిన ఖాతా కొకగుర్తు. బ్యాంకువారు కొంత విడిచిపెట్టి, మిగిలినది పుచ్చుకొని ముగించిన ఖాతాకు "సెటిల్డ్" అని వేఱొక గుర్తు. పెద్దమనుష్యులు రూపాయికి అర్ధరూపాయి చొప్పున తీర్మానము చేసినచో షావుకారు చెల్లు వేయునేమో గాని, ఆ మనుష్యునకు మఱల అప్పిచ్చునా? తగ్గింపు దొరికినదని సంతసించువారు ఈ గుర్తును మఱవరాదు.

మూయు పద్ధతి కష్టమైనది కాదు. మొదట కడపటి పైసవఱకు బాకీ తీర్పవలెను. ప్రతి నెలయు ఆ కార్డునుండి తమంత తామే పోవు చెల్లింపులున్నచో వానిని మాన్పవలెను. పిమ్మట మూయుమని కోరవలెను. రిజర్వు బ్యాంకు 2022లో జారీచేసిన నిబంధనల ప్రకారము, బాకీ లేని ఖాతాను కోరిన 7 పనిదినములలో మూయవలెను. మూయనిచో ఆలస్యమైన ప్రతిదినమునకు 500 రూపాయలు ఖాతాదారున కీయవలెను. ఉత్తరము టపాలోనే పంపుమని నిర్బంధింపరాదు. బాకీ లేదను పత్రమును పుచ్చుకొని, ఇంటి దస్తావేజులతో పాటు భద్రపఱచుడు. 2017 నుండి ప్రతి పరపతి సంస్థయు ఏటికొకసారి పూర్తి నివేదికను ఉచితముగా నీయవలెను. దానిని తెప్పించి, ఖాతా మూయబడినట్లు వ్రాసినదో లేదో చూచుకొనుడు.

ఇట్లనుటచే స్కోరుకొఱకు కార్డును కౌగిలించుకొని యుండుమని నా భావము కాదు. గడువులోపల తీర్పనిచో పెక్కు కార్డులపై నూటికి నెలకు మూడు రూపాయలకు పైబడిన వడ్డీ పడును. మన యూళ్లలో అంత వడ్డీ పుచ్చుకొనువానిని ఏమందుమో మీరెఱుగుదురు. చేతిలో నున్నంతకాలము కొనక మానలేనివాడు దానిని మూయుటయే మేలు. తగ్గిన స్కోరు క్రమమైన చెల్లింపులచే మరల పెరుగును. వడ్డీకి పోయిన జీతము మరల రాదు. కాని యింటి యప్పునకు దరఖాస్తు పెట్టబోవు దినములలో మూయవలదు. అప్పు చేతికి వచ్చువఱకు ఆగుట మంచిది. సాలు రుసుము లేని పాత కార్డైనచో, అప్పుడప్పుడు కొలదిగా వాడి, వెంటనే తీర్చుచు నిలుపుకొనవచ్చును.

కావున పెద్దలారా! పిల్లవాని చేత కార్డును చూచినపుడు "పాఱవేయుము" అనకుడు. "బాకీ యెంత? రుసుమెంత? ముందు ముందు అప్పు పని యున్నదా?" అని మూడు ప్రశ్న లడుగుడు. మూయవలసినదే యైనచో "చెల్లు కాగితము తెచ్చి నాకు చూపుము" అనుడు. ఆ మాట చెప్పుటకు మీకు ఏ క్రొత్త చదువును అక్కఱలేదు. మీ తాతలనాటి లెక్క చాలును.