పసి గుండెల వైద్యము: మంచి చెడ్డల కొలత

గుండెలో రంధ్రముతో పుట్టిన బిడ్డ శస్త్రచికిత్స జరిగి ఇల్లు చేరినపుడు ఊరంతయు సంతోషించును. 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైన పిమ్మట ఇట్టి సంతోషము గుంటూరు, ప్రకాశము జిల్లాల పేద గడపలకును వచ్చినది. వేయి మంది శిశువులలో సుమారు 8 మంది హృదయ లోపముతో పుట్టుదురని వైద్యుల అంచనా.

అయితే శస్త్రచికిత్స ఒక్కనాటి పని. దానికి ముందును, వెనుకను ఏండ్ల తరబడి సాగునది ఓపీ గదిలోని వైద్యము. అది సరిగా జరుగుచున్నదని తెలియుట ఎట్లు?

ఎంతమందిని చూచితిమనునది మొదట తోచు లెక్క. కాని మిర్చి యార్డులో బస్తాలను లెక్కించినంత మాత్రమున కాయ రంగును, ఘాటును చెప్పగలమా? ఉండవలసిన సాధనములు ఉన్నవా, చేయవలసిన పనులు జరిగినవా, రోగికి మేలు కలిగినదా అని మూడు విధముల పరీక్షింపవలెనని 1966లో డొనబీడియన్ అను వైద్యాచార్యుడు వివరించెను.

ఒక ఉదాహరణము చూతము. గొంతునొప్పి వచ్చిన కొన్ని వారములకు కొందరు పిల్లలకు కీళ్ళవాత జ్వరము సోకి గుండె కవాటములు చెడును. అది తిరుగబెట్టకుండ మూడు వారములకొకసారి పెన్సిలిన్ సూదిమందు వేయుదురు. అనగా ఏడాదికి 17 మార్లు. ఆ పదిహేడింటిలో ఎన్ని పడినవి? ఇదియే కొలత. నూటికి 80 పాళ్ళకు, అనగా 14కు, తగ్గరాదని పలుచోట్ల ఎంచుదురు. తప్పిన ప్రతి సూదియు కవాటమునకు ముప్పే.

మన మెట్ట పల్లెలలో ఆ సూదులు ఎప్పుడు తప్పును? పత్తి తీతల నాడు, మిరప కోతల నాడు. ఆ దినమున పట్టణమునకు పోయిన తల్లికి కూలి పోవును, బస్సు ఖర్చు మీద పడును. దీనిని తల్లి అశ్రద్ధయని వ్రాసికొనుట న్యాయము కాదు. గడువునకు రాని బిడ్డల పట్టికను ఆసుపత్రి వారము వారము చూడవలెను, ఫోను చేయవలెను, తగిన జాగ్రత్తలతో దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రముననే సూది పడు ఏర్పాటు చేయవలెను. వచ్చిన వారిని మాత్రమే లెక్కించు ఆసుపత్రికి తన లోపము కనబడదు.

తల్లిదండ్రులును ఒక పని చేయవచ్చును. ఓపీ చీటీలను పారవేయక వరుసగా దాచుడు. వచ్చిన ప్రతిసారి బిడ్డ బరువును, వ్రేలికి తగిలించి చూచు ప్రాణవాయువు కొలతను, మరల రావలసిన తేదీని వ్రాసి ఇమ్మని అడుగుడు. అడుగుటకు సంకోచింపవలదు. అది మీ బిడ్డ హక్కు.