కెమెరా నుండి కంప్యూటరుకు

1975లో అమెరికాలోని కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరాను నిర్మించినప్పుడు, ఒక్క నలుపు తెలుపు చిత్రం క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టింది. ఆ టేపును వేరొక యంత్రంలో ఉంచి టెలివిజన్ తెరపై చూడవలసి వచ్చేది. నేడు తపాలా బిళ్ళంత కార్డులో వేల చిత్రాలు ఇముడుతున్నాయి. కాని వాటిని దిద్దుబాటు సాఫ్ట్‌వేరులోకి చేర్చడంలో జాగ్రత్త అంతగా పెరగలేదు.

జేపెగ్ రూపంలో భద్రపరిస్తే, కంటికి అంతగా ఆనని వివరాలను కెమెరాయే విడిచివేస్తుంది. ఒక్కొక్క రంగుకు 256 మెట్లే మిగులుతాయి. దిద్ది మరల మరల భద్రపరచిన కొద్దీ మరికొంత వివరం నశిస్తుంది. 'రా' రూపంలో (ఇది పిలుపు కాదు, పచ్చిది అని అర్థం) సెన్సారు కొలిచినది చాలావరకు అలాగే నిలుస్తుంది. 14 బిట్ల కెమెరాలో ఆ మెట్లు 16,384. నీడలో ఉన్న శిలాశాసనాన్ని చిత్రించిన విద్యార్థికి ఒక అక్షరం దక్కడమో, దక్కకపోవడమో ఈ తేడాపైనే ఆధారపడవచ్చు.

అయితే రా ఫైళ్ళ రూపం కంపెనీకొక తీరుగా ఉన్నందున, కొత్త కెమెరా ఫైలును పాత సాఫ్ట్‌వేరు తరచు గుర్తించదు. ఈ చిక్కు తీర్చడానికి 2004లో అడోబీ సంస్థ డీఎన్‌జీ అనే బహిరంగ రూపాన్ని వెలువరించింది. దానిని అందరూ స్వీకరించలేదు. కనుక కార్డును తుడిచివేయక ముందే మూల ఫైళ్ళను రెండు చోట్ల భద్రపరచి, దిద్దుబాటును వేరొక నకలుపై జరపడం అవసరం.