ఆధి, వ్యాధి
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



దేహమునకు వచ్చు బాధను పెద్దలు వ్యాధి యనిరి. మనస్సునకు వచ్చు బాధను ఆధి యనిరి. వ్యాధి వచ్చినవాడు ములుగు ఆసుపత్రికి పోవును. ఆధి వచ్చినవాడు తలుపు వేసికొని పడుకొనును. చరకసంహిత మూడు విధములైన చికిత్సలు చెప్పుచు, అహితవిషయములనుండి మనస్సును మరలించు సత్త్వావజయమును వానిలో చేర్చినది. కావున మనోవైద్యము పరదేశమునుండి వచ్చిన వింత కాదు.

భారతము ఉద్యోగపర్వమున ధృతరాష్ట్రునకు నిద్రపట్టని రాత్రి యొకటి కలదు. సంజయుడు పాండవుల యొద్దనుండి వచ్చి, రాజును నిందించి, వారి మాట మరునాడు సభలో చెప్పెదనని వెడలిపోయెను. రాజు విదురుని పిలిపించెను. విదురుడు వెంటనే నీతి బోధింపలేదు. బలవంతునితో వైరము తెచ్చుకొన్న దుర్బలునకు, సొమ్ము పోగొట్టుకొన్నవానికి, కామికి, దొంగకు నిద్రపట్టదు. వీనిలో నీ బాధ యేది, పరధనముపై ఆశ పుట్టలేదు గదా యని యడిగెను. నేటి మనోవైద్యుని మొదటి పనియు నిదియే: అడుగుట, ఆపై వినుట. ఊళ్లలో ఈ వరుస తలక్రిందులు. పిల్లవాడు పరీక్ష తప్పి దిగులుతో కూర్చుండగా తండ్రి తిట్టును, తల్లి దిష్టి తీయును, మేనమామ హితోపదేశము చేయును. ఏమైనదిరా యని యడుగువాడు లేడు. (దిష్టి తీసినందువలన నష్టమేమియు లేదు, అడిగిన తరువాత తీయవచ్చును.)

అయితే ధృతరాష్ట్రుడు రాత్రియెల్ల వినియు మారలేదు. నీవు చెప్పినది నిజమే గాని, దుర్యోధనుని కలిసినంతనే నా బుద్ధి తిరిగిపోవునని తానే యొప్పుకొనెను. కొడుకునకు వలదని చెప్పలేని ప్రేమ యది. లోకులు దానిని వాత్సల్యమందురు. మనోవైద్యులు దానిని ఆరోగ్యకరమైన బంధమని యంగీకరింపరు.

1997-98లో ఉమ్మడి వరంగల్లు జిల్లాలో పత్తికి పురుగు పట్టి పంట పోగా, అప్పులపాలై అనేకులు రైతులు ప్రాణములు తీసికొనిరి. ఓదార్పు మాటలతో వడ్డీ తరుగదు; పంటనష్టమునకు మనోవైద్యము విరుగుడు గాదు. కాని ఇంటి యజమాని ఆ పద్దు భార్యకైనను చెప్పక తలలోనే మోయుట రెండవ భారము. దానిని పంచుకొనవచ్చును. మేడారమున నిలువెత్తు బంగారమని బెల్లము తూచి సమర్పింతురు. మనస్సులోని బరువునకు తక్కెడ లేదు, నోటితోనే చెప్పవలెను.

పూర్వము ఆత్మహత్యకు యత్నించి బ్రతికినవానిని శిక్షాస్మృతి నేరస్థునిగా చూచెడిది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అట్టివాడు తీవ్రమైన మనఃక్లేశములో నున్నాడని భావించి సంరక్షణ యీయవలెనన్నది. 2022 అక్టోబరు 10న ప్రభుత్వము టెలీ మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 సంఖ్యకు రాత్రిగాని పగలుగాని ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు. ఆ సంఖ్యను గ్రంథాలయపు గోడపై, పత్రికల బల్ల కెదురుగా, పెద్ద అక్షరములతో వ్రాయించిన బాగుండును.