గాజుపోగున వెలుగు వార్త

నేడు ఉత్తరములు, చిత్రములు, మాటలు వెలుగుగా మారి, వెండ్రుకవంటి గాజుపోగున పయనించుచున్నవి. దీనినే ఆప్టికల్ ఫైబరు అందుము. 1966లో చార్లెస్ కావో, జార్జి హాకమ్ ఈ మార్గమును సూచించిరి. 1988లో అట్లాంటిక్ అడుగున వేసిన తొలి ఫైబరు కేబులు ఒకేసారి 40,000 సంభాషణలను మోయగలిగినది. రాగితీగకన్న ఇది మిక్కిలి సమాచారమును దూరము చేర్చును; ప్రక్కనున్న విద్యుత్ తీగల కల్లోలము దీని నంటదు.

అయితే తెగిన రాగిని మెలిపెట్టినట్లు గాజును కలుపరాదు. కొనలను నునుపుగా కోసి, యంత్రముతో కరగించి అతుకవలెను. 2022 జనవరి 15న అగ్నిపర్వతము పేలుటచే, టోంగా దీవులను లోకముతో కలుపు ఒకే కేబులు తెగినది. బాగుచేయుటకు సుమారు ఐదు వారములు పట్టినది. అంతవరకు ఉపగ్రహములే దిక్కైనవి. కావున గాజుపోగును ఎంత నమ్మినను, మరియొక త్రోవనుకూడ సిద్ధముగ నుంచుకొనుట క్షేమమని మేము తలంచుచున్నాము.