పక్క బల్ల మీది చదువు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు సవివరంగా చెప్పారు. నాకు పది నిముషాలు ఇచ్చి, వేసవి సెలవుల్లో డిగ్రీ పిల్లలు చేసే జీవశాస్త్ర పరిశోధన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముప్పై నాలుగేళ్ళు రెవెన్యూ ఆఫీసులో ఫైళ్ళు నడిపిన గుమాస్తాకు జీవశాస్త్రంతో ఏమి పని అని మీకు అనిపించవచ్చు. మా మనవరాలి మూలంగా పని పడింది. దానికీ మన సంఘం హాలుకూ కూడా సంబంధం ఉంది. కాస్త ఓపిక పట్టండి.

మన దేశంలో మూడు సైన్సు అకాడమీలు, అంటే బెంగుళూరులో ఒకటి, ఢిల్లీలో ఒకటి, ప్రయాగరాజ్‌లో ఒకటి, మూడూ కలిసి కాలేజీ విద్యార్థులకూ అధ్యాపకులకూ వేసవిలో రెండు నెలల పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తూ వస్తున్నాయి. మనలో చాలామంది ఇళ్ళలో సైన్సు చదివే పిల్లలున్నారు గాని ఈ సంగతి తెలిసినవారు తక్కువ. మా పెద్దమ్మాయి కూతురు బి.ఎస్సీ. రెండో సంవత్సరంలో దరఖాస్తు పెట్టుకుంటే హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో అవకాశం వచ్చింది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల. రెండు వారాలు తిరక్కముందే ఫోను చేసి, "తాతయ్యా, నేను వచ్చేస్తాను" అంది.

సంగతి ఏమిటంటే, దానికి అప్పగించిన పని వేరుశనగ వేళ్ళకుండే బుడిపెల్లోని బాక్టీరియాను గుర్తించడం. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చిపెట్టేవి ఆ బాక్టీరియాలే. వాటి డి.ఎన్.ఎ.ను పి.సి.ఆర్. అనే యంత్రంలో పెడతారు. ఒక్కో విడతకు ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ముప్పై విడతలకు, లెక్క ప్రకారం, ఒక్క తునక నూట ఏడు కోట్లు దాటుతుంది. నేను కాగితం మీద వేసి సరిచూశాను. అయితే ఆ ట్యూబుల వరసలో ఒక ట్యూబులో డి.ఎన్.ఎ. వెయ్యకుండా ఉత్త నీళ్ళు వేస్తారు. అందులో ఏమీ కనిపించకూడదు. కనిపించిందంటే ఎక్కడో కల్తీ జరిగిందని అర్థం, మిగతా ట్యూబుల ఫలితం కూడా నమ్మడానికి లేదు. ట్రయల్ బ్యాలెన్సులో రూపాయి తేడా వస్తే మన పరిస్థితి ఎలా ఉండేదో అలాగన్నమాట.

దాని నీళ్ళ ట్యూబులో నాలుగు రోజులు వరసగా గీత కనిపించింది. ఎవరికీ చెప్పలేదు. అక్కడ వేసవికి వచ్చిన తొమ్మిదిమంది పిల్లలు శనివారం సాయంత్రం కూర్చుని ఎవరి పని వారు చెప్పుకుంటారట. ఇది రెండు శనివారాలు "పని జరుగుతోంది" అని చెప్పి కూర్చుంది. నలుగురిలో నవ్వులపాలవుతానని భయం, పైగా ఇంగ్లీషు భయం.

మూడో శనివారం కప్పల జాతులను డి.ఎన్.ఎ.తో గుర్తిస్తున్న కుర్రవాడొకడు లేచి, తన పాడైపోయిన ఫోటోనే అందరికీ చూపించాడట. అతని నీళ్ళ ట్యూబులోనూ గీతే! అందరూ వాడే నీళ్ళ సీసాలోనే కల్తీ ఉందని పట్టుకున్నాడు. శుభ్రమైన నీళ్ళను ముందే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచిపెట్టుకుని, ఒకసారి వాడినది పారేస్తున్నాడు. మా పిల్ల ఆ రాత్రే వెళ్ళి ట్యూబులు పంచిపెట్టుకుంది. సోమవారం నాటికి గీత మాయమైంది. ఇంటికి వస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

తరువాత జరిగినది నాకు ఇంకా నచ్చింది. జిల్లేడు పూల మీద ఎన్ని తుమ్మెదలు వాలుతున్నాయో లెక్కపెట్టే అమ్మాయి ఒకతె, రోడ్డు పక్క చెట్ల మీద ఎక్కువ, తోటలో తక్కువ అని తేల్చింది. రోడ్డు పక్కన పొద్దున్న ఏడు గంటలకు లెక్కపెట్టింది, తోటలోకి వెళ్ళేసరికి పదకొండయ్యేది. మా పిల్ల పల్లెటూళ్ళో పెరిగినది. వచ్చీరాని ఇంగ్లీషులోనే "ఎండ ముదిరాక కూడా అవి అన్నే వస్తాయా?" అని అడిగింది. ఆ అమ్మాయి వేళలు తారుమారు చేసి మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టుకోవలసి వచ్చింది. తేడా సగానికి పైగా తగ్గిపోయిందట. తుమ్మెదలకూ బాక్టీరియాకూ సంబంధమేమీ లేదు. లెక్క ఎలా తప్పుతుందన్నది మాత్రం రెండుచోట్లా ఒకటే.

మన ఆఫీసుల్లో పక్క సీటువాడి ఫైలు తొంగిచూడటం మర్యాద కాదు. ఆడిట్ వారు వచ్చినప్పుడు తప్ప ఒకరి పని ఒకరు చూసేవాళ్ళం కాదు. సైన్సులో ఆ పద్ధతి పనికిరాదని చెప్పడానికి ఒక పాత సంగతి ఉంది. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ అనే ఆచార్యుడికి పదహారడుగులు, ఇరవైమూడడుగుల గది ఒకటి ఉండేది. పాలసీసాల్లో అరటిపండు వేసి ఈగలు పెంచేవారు. ఎనిమిది బల్లలు. ఎవరి ప్రయోగం వారిదే, అయినా పక్కవాడి బల్ల మీద ఏమి జరుగుతోందో అందరికీ తెలుసు. కాల్విన్ బ్రిడ్జెస్ అనే విద్యార్థి సీసాలు కడిగే పనికి అక్కడ చేరి, వేరే రంగు కన్నున్న ఈగను అద్దంలోంచే పట్టుకున్నాడు. ఆల్‌ఫ్రెడ్ స్టర్టివెంట్ 1911లో ఇంకా డిగ్రీ విద్యార్థే. ఒకరోజు మోర్గాన్‌తో మాట్లాడుతూ ఉండగా ఒక ఆలోచన తట్టి, ఆ గదివారు పోగుచేసిన లెక్కలు ఇంటికి పట్టుకెళ్ళి, కాలేజీ హోంవర్కు పక్కన పడేసి, తెల్లవారేలోగా క్రోమోజోము మీద జన్యువుల వరసకు మొట్టమొదటి పటం గీశాడు. అది 1913లో అచ్చయింది. మోర్గాన్‌కు 1933లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ డబ్బులో కొంత ఈ ఇద్దరి పిల్లల చదువులకు పంచి ఇచ్చాడు. మన పై అధికారులెవరైనా ఆ పని చేశారేమో మీరే చెప్పాలి!

కాలేజీలు చివరి రోజున సభ పెట్టి, రంగు రంగుల బొమ్మలతో ఉపన్యాసాలిప్పించి, సర్టిఫికెట్లు ఇస్తున్నాయి. నేను రెండింటికి వెళ్ళాను. అప్పటికి అన్నీ సరిదిద్దుకుని వస్తారు, అడిగేవారికి అడగడానికి ఏమీ మిగలదు. పిల్లలు ఒకరినొకరు వినవలసింది పని మధ్యలో, గీత రాకూడని చోట గీత వచ్చినప్పుడు. మన ఊళ్ళో ప్రాజెక్టులు చేసే పిల్లలకు అలా కూర్చునే చోటు లేదు. మూడు కాలేజీలవాళ్ళు మూడు చోట్ల, ఒకరి మొహం ఒకరు ఎరగరు. మా మనవరాలు అడిగిన మాట ఇది: "తాతయ్యా, మీ హాలు ఆదివారం సాయంత్రాలు ఖాళీయేగా?"

ఖాళీయే. మన పేకాట మిత్రులు అయిదింటికల్లా లేచిపోతారు. ఫ్యాన్లు ఆరు, కుర్చీలు అరవై, నల్లబల్ల ఒకటి ఉన్నాయి. మే, జూన్ నెలల్లో ఆదివారం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా పిల్లలకు ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాను. కరెంటు బిల్లు సంగతి కోశాధికారి గారు అడుగుతారని తెలుసు. ఆ రెండు నెలల అదనపు బిల్లు నా పెన్షన్‌లోంచి ఇస్తాను. తెలుగులో మాట్లాడవచ్చని బోర్డు మీద రాసిపెట్టాలని మాత్రం నా షరతు. కార్యదర్శి గారు తీర్మానం చదివితే చేతులెత్తవలసిందిగా సభ్యులను కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.