కారు కొనేముందు వీధి కొలవండి



ఈవేళ నేను చెప్పబోయేది వంట గురించీ కాదు, వడియాల గురించీ కాదు. కారు గురించి. కారు సంగతి ఆడవాళ్ళకెందుకు, అది మగవాళ్ళు చూసుకుంటారు కదా అని ఎవరైనా అనబోతే వాళ్ళకి ఒక్కమాట. ఇంట్లోకి గ్రైండరు కొన్నా, కుక్కరు కొన్నా వాడేవాళ్ళని అడిగే కొంటారు. పిల్లల్ని బడి దగ్గర దింపేదీ, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళేదీ, నెలసరుకులు మోసుకొచ్చేదీ మనమే అయినప్పుడు, కారు కొనే చర్చలో మాత్రం కాఫీలు అందించి లోపలికి వెళ్ళిపోవడం ఏం సబబు చెప్పండి?

నిజం చెప్పొద్దూ, రెండేళ్ళ క్రితందాకా నేనూ అలా కాఫీలు అందించి లోపలికి వెళ్ళినదాన్నే. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మా మరిదిగారి కారులో బయలుదేరాం. చాలా పెద్ద కారు. ఎత్తుగా, దర్జాగా వుంటుంది. మా అత్తగారు, నేను, తోటికోడలు, పిల్లలు ముగ్గురు. మన కోనసీమ రోడ్ల సంగతి తెలిసిందే కదా, ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరితోట, మధ్యలో రోడ్డు. ఎదురుగా బస్సు వచ్చింది. బస్సు వెనక్కి పోలేదు కాబట్టి మేమే వెనక్కి తీయాలి. మా మరిది చూస్తూనే తీస్తున్నాడు, అయినా వెనకచక్రం గట్టు అంచు మీదికి పోయింది. నాలుగు రోజుల ముందు పడిన వాన వల్లనో ఏమో, గట్టు మట్టి విరిగి కారు కాలవవైపు ఒరిగింది.

"ఆయ్, కదలకండమ్మా, ఇటుపక్క నుంచి ఒక్కొక్కళ్ళూ దిగండి" అంటూ తోటలోవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. పిల్లల్ని చేతుల మీద దింపారు. తాళ్ళు కట్టి లాగారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ నాలుగు నిమిషాలూ కిటికీలోంచి కనిపించిన ఆ కాలవ నీళ్ళు ఇప్పటికీ నా కళ్ళలోనే వున్నాయి. ఆ రాత్రి మా అత్తగారు మంచం మీద పడుకుని, "అమ్మాయ్, అతను బాగానే నడుపుతాడు. ఆ కారే మన రోడ్డుకి పెద్దది" అన్నారు.

సరిగ్గా ఆ నెలలోనే మా వారూ, అబ్బాయీ అలాంటి పెద్ద కారు కోసమే అప్పు కాగితాలు సిద్ధం చేస్తున్నారు. నేను మర్నాడు కుట్టుమిషను టేపు పట్టుకుని వీధిలోకి వెళ్ళాను. మురిక్కాలవకీ, ఎదురింటివారి ప్రహరీకీ మధ్య ఇరుకైన చోట కొలిస్తే ఏడడుగులకి రెండంగుళాలు తక్కువ. చూసినవాళ్ళు నవ్వారు, నవ్వనివ్వండి. సంబంధం చూసేటప్పుడు ఇల్లూ వాకిలీ చూస్తామే, మరి ఆరేడు లక్షలు పోసి కారు తెచ్చేటప్పుడు వాకిలి చూడొద్దూ?

చిన్న కార్లన్నీ ఒకటే కదా అనుకుంటాం. కావు. ఆల్టో కె-10 వెడల్పు 1,490 మిల్లీమీటర్లు. స్విఫ్టు 1,735. అంటే రెండింటికీ జానెడు పైన తేడా. పైగా కంపెనీలు చెప్పే వెడల్పులో పక్కఅద్దాలు కలవవు. అవి తెరిస్తే మరో జానెడు చేర్చుకోవాలి. గడియారస్తంభం సెంటర్లో సాయంత్రంపూట ఆటోకీ, అరటిగెలల బండికీ మధ్యనుంచి వచ్చిన వాళ్ళకి ఆ జానెడు విలువ తెలుస్తుంది. విజయవాడలోనో హైదరాబాదులోనో వుండి ఈ ప్రసంగం వింటున్న చెల్లెళ్ళకీ ఇది వర్తిస్తుంది. మీకు కాలవ వుండకపోవచ్చు, కానీ అపార్టుమెంటు కింద రెండు స్తంభాల మధ్య కారు పెట్టి, తలుపు తెరుచుకుని దిగాలి కదా.

చిన్న కారంటే చిన్నతనం అనే భావం ఒకటి మనవాళ్ళలో వుంది. ఒకప్పుడు అది లేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు, ఆ 796 సీసీ కారు గుమ్మంలో వుంటే అదే గొప్ప. 2014 జనవరి దాకా అది తయారవుతూనే వుంది. తరవాత వచ్చిన నానో కథ వేరు. వానలో స్కూటరు మీద తడుస్తూ పోతున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటాగారికి ఆ ఆలోచన వచ్చిందంటారు. 2009లో లక్ష రూపాయల కారన్న పేరుతో బజారుకి వచ్చింది. ఆ పేరే దానికి శత్రువయింది. "చవక కారు" గుమ్మంలో ఎవరు పెట్టుకుంటారు? 2018లో తయారీ ఆగిపోయింది. కారులో లోపాలు లేవనను గానీ, మన డాబుకి అది బలైన మాట మాత్రం నిజం. డాబు వల్ల ఖర్చు ఇంకోవైపు కూడా పెరుగుతుంది. నాలుగు మీటర్ల లోపు పొడవూ, 1,200 సీసీ మించని పెట్రోలు ఇంజనూ వున్న కార్లకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం. బాగా పెద్దవాటికి 40.

ఇక మైలేజీ. షోరూములో అబ్బాయి లీటరుకి 24, 25 అని చెబుతాడు. అది అబద్ధం కాదు, కానీ మన వీధిలో కొలిచినదీ కాదు. పరీక్షశాలలో కారు చక్రాలని రోలర్ల మీద పెట్టి, ఒక నిర్ణీత పద్ధతిలో సుమారు ఇరవై నిమిషాలు నడిపి కొలుస్తారు. అక్కడ ఆవు అడ్డం రాదు. పెళ్ళి ఊరేగింపు రాదు. చాలాకాలంగా ఈ లెక్కలు ఏసీ ఆపి తీసినవే. మన వైశాఖమాసంలో ఏసీ ఆపి నడపమంటే ఎవరి తరం?

ఊళ్ళో తిరిగే కారుకి పెట్రోలు ఎక్కువ తాగే గుణం వుండటానికి కారణం వుంది. బ్రేకు వేసినప్పుడల్లా అంతదాకా వేగం తేవడానికి కాల్చిన పెట్రోలు వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మళ్ళీ మొదటినుంచి కాల్చాలి. బండి బరువు ఎంత ఎక్కువైతే ఆ నష్టం అంత ఎక్కువ, అందుకే ఊరికి తేలికబండి మేలు. ఇంజను చల్లగా వున్నప్పుడు మరీ ఎక్కువ తాగుతుంది. బడికి రెండు కిలోమీటర్లు, బజారుకి కిలోమీటరు తిరిగే కారు వేడెక్కేలోపే మనం దిగిపోతాం. కాబట్టి రెండు మూడు పనులు ఒకే ప్రయాణంలో పెట్టుకోండి. టైర్లలో గాలి పదిహేను రోజులకొకసారి చూపించండి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తోంది. ఇథనాలులో శక్తి పెట్రోలుకన్నా మూడోవంతు తక్కువ, అందుచేత మైలేజీ కొంత తగ్గుతుంది. 2023కి ముందు తయారైన పాత కారు కొనేవాళ్ళు రబ్బరు గొట్టాలు దీనికి తట్టుకుంటాయా అని మెకానిక్కుని అడగడం మంచిది.

ఇంతకీ ఈ మైలేజీ తేడాకి ఎంత డబ్బు పెట్టొచ్చు? ఇక్కడ మన చిట్టాపుస్తకం పనికొస్తుంది. నెలకి 400 కిలోమీటర్లు తిరుగుతామనుకోండి. లీటరు 110 రూపాయలనుకోండి. లీటరుకి 18 ఇచ్చే కారుకి నెలకి 2,450 దాకా అవుతుంది, 22 ఇచ్చేదానికి 2,000. నెలకి 450 తేడా. ఈ 450 కోసం లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి కొంటే ఆ లక్ష తిరిగి రావడానికి పద్దెనిమిదేళ్ళు పడుతుంది. అప్పటికి కారు వుంటుందా? అప్పుమీద వడ్డీ ఇందులో వేయనే లేదు.

గ్యాసు కారుదీ ఇదే లెక్క. గ్యాసు మన కాళ్ళకిందే వుంది, ఆ సంగతి 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలపైన మండినప్పుడు ఆకాశమంతా ఎర్రగా చూసిన మనకి వేరే చెప్పాలా! అదే సహజవాయువు ఇప్పుడు సీఎన్జీగా కార్లలోకి వచ్చింది. మంచిదే. అయితే గ్యాసు కారుకి తొంభై వేలు ఎక్కువనుకుందాం. కిలోకి 27 కిలోమీటర్లు, కిలో ధర 95 అనుకుంటే, నెలకి 400 తిరిగే ఇల్లాలికి మిగిలేది వెయ్యి చిల్లర. తొంభై వేలు రాబట్టడానికి ఏడేళ్ళు. అదే అమలాపురం నుంచి కాకినాడకి తరచు వెళ్ళొస్తూ నెలకి 1,500 కిలోమీటర్లు తిరిగేవారికి రెండేళ్ళలో వచ్చేస్తుంది. ఇంకోటి, గ్యాసు సిలిండరు వెనక డిక్కీలో చాలా చోటు తినేస్తుంది. పుట్టింటినుంచి కొబ్బరికాయల బస్తా, పండగకి పూతరేకుల డబ్బాలు, బియ్యం వేసుకొచ్చే మనకి డిక్కీ లేని కారు సగం కారే.

మా ఇంట్లో అసలు పేచీ మైలేజీ దగ్గర రాలేదు, అత్తగారి మోకాళ్ళ దగ్గర వచ్చింది. వీధి కొలత ప్రకారం అన్నిటికన్నా ఇరుకు కారు కొందామని నా పట్టు. ఆవిడని షోరూముకి తీసుకువెళ్ళి కూచోబెట్టాను. సీటు కిందికి వుండటంతో కూచోవడం కూచున్నారు గానీ లేవలేకపోయారు. ఇద్దరం పట్టి లేపాం. 1999లో వాగన్ ఆర్ కొత్తగా వచ్చినప్పుడు "డబ్బాలా వుంది" అని నవ్వుకున్నాం. ఆ పొడుగు బాడీ ఎందుకో నాకు ఆరోజు అర్థమైంది. సీటు నడుమంత ఎత్తులో వుంటే వంగక్కర్లేదు, జరిగి కూచుంటే చాలు. చీర కుచ్చిళ్ళు తలుపులో పడవు. నాలుగంగుళాల వెడల్పు నేను వదులుకున్నాను, చివరికి ఆ కోవ కారే తీసుకున్నాం. అద్దాలు రెండూ మూసుకుని ఆ ఇరుకు దాటతాను. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు వుంటే వాళ్ళని కూచోబెట్టి, లేపి చూడకుండా బయానా ఇవ్వకండి.

గేర్ల సంగతి. క్లచ్చి లేకుండా తనంత తనే గేరు మార్చుకునే పద్ధతి 2014లో సెలేరియోతో చవక కార్లలోకి వచ్చింది. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు వుంటుంది, తల ఊగుతుంది, అది అలవాటైపోతుంది. నలభై దాటాక నేర్చుకున్న నాలాంటిదానికి ఎర్రవంతెన మీద ట్రాఫిక్కులో ఎడమకాలికి పని లేకపోవడం ఎంత హాయో! నేర్చుకునేటప్పుడు సిగ్గుపడకండి. ముందు లెర్నర్సు లైసెన్సు, అది ఆరు నెలలు చెల్లుతుంది. నెల దాటాక పరీక్షకి వెళ్ళొచ్చు. నేను మొదటిసారి వెనక్కి తీయడంలో తప్పాను. కాలవగట్టు గుర్తుకొచ్చి చేతులు వణికాయి. రెండోసారి ఇచ్చారు.

రక్షణ విషయంలో మాత్రం లెక్కలు వేయకండి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ అని మన దేశంలోనే కార్లను గుద్దించి చూసి నక్షత్రాలు ఇస్తున్నారు. ఎన్ని నక్షత్రాలు వచ్చాయి, ఎయిర్‌బ్యాగులు ఎన్ని అని పాట విననట్టు కాదు, కాగితం మీద చూపించమని అడగండి. పాటల పెట్టె తరవాతైనా పెట్టించుకోవచ్చు.

సముద్రానికి దగ్గరగా, అంతర్వేది, ఓడలరేవు వైపు వుండేవాళ్ళు కారు అడుగున తుప్పు పట్టకుండా పూత వేయించుకోవాలి. ఉప్పుగాలికి ఇనుము ఆగదు. లంకల పక్కన వున్నవాళ్ళకి ఇంకో జాగ్రత్త. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఎన్ని వాకిళ్ళలోకి నీళ్ళొచ్చాయో చూశాం. అలా మునిగిన కారుని, నీళ్ళు తీశాయి కదా అని తాళం తిప్పకండి. ఇంజనులోకి చేరిన నీళ్ళని పిస్టను నొక్కలేదు, లోపలి కడ్డీ వంగిపోతుంది. మామూలు బీమాలో ఈ నష్టం సాధారణంగా రాదు. ఇంజను రక్షణకని విడిగా కొంచెం కట్టాలి. బీమా కాగితం మీద సంతకం పెట్టేముందు అది వుందో లేదో చదివించుకోండి.

కొన్నాక మీ కారు అసలు మైలేజీ మీరే తీయండి. టాంకు నిండా కొట్టించి, మీటరులో అంకె రాసుకుని, మళ్ళీ నిండా కొట్టించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి భాగించడమే. పాలలెక్క వేసేవాళ్ళకి ఇదేం కష్టం కాదు. మాకు మొదటిసారి 312 కిలోమీటర్లకి 17.8 లీటర్లు పట్టింది, అంటే లీటరుకి 17.5. రాజమండ్రి వెళ్ళొచ్చిన నెల 21 వచ్చింది. పోయిన శనివారం మా వారు కారు తీసుకెళ్ళి, పెట్రోలు కొట్టించుకొచ్చి, పుస్తకంలో రాయడం మర్చిపోయారు. రసీదు అడిగితే చొక్కాతో పాటు ఉతుక్కి వెళ్ళిపోయిందన్నారు. ఆ నెల లెక్క పోయింది. సోమవారం మళ్ళీ నిండా కొట్టించి మొదటినుంచి మొదలుపెట్టాను.