కాలువలు, లాకులు, దంపతుల పడవ ప్రయాణము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



ఎర్రమంచివంటి మెట్టసీమలో పడవ ప్రయాణమును గూర్చి ప్రసంగమేమని కొందరికి సందేహము కలుగవచ్చును. పెన్న, జయమంగళి, చిత్రావతి అనునవి వానలు కురిసిన నాలుగు దినములు పారి, తక్కిన యేడాదియంతయు ఇసుకనే చూపు నదులు. ఇచ్చటివారు ఏటిని పంచె పైకెగగట్టుకొని నడచి దాటిరే కాని, పడవనెక్కి దాటిన సందర్భములు అరుదు. అయినను చూడని వస్తువును గూర్చి తెలిసికొనుటకే కదా గ్రంథాలయములు వెలసినవి! అదియునుగాక, పడవ మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు.

వాల్మీకి రామాయణమున అయోధ్యాకాండమందు దంపతుల పడవ ప్రయాణములు రెండు కలవు. గంగను దాటుటకు గుహుడు నావను సమకూర్చెను. నది నడుమకు వచ్చినపుడు సీతాదేవి గంగామాతకు నమస్కరించి, భర్తతోడను మరదితోడను క్షేమముగా తిరిగివచ్చినచో పూజ చేయుదునని మ్రొక్కుకొనెను. పిమ్మట యమున అడ్డము వచ్చినది. అచ్చట గుహుడు లేడు, నావ లేదు. రామలక్ష్మణులే కట్టెలను, ఎండిన వెదుళ్లను కూర్చి తెప్ప కట్టిరి. సీత సుఖముగా కూర్చుండుటకై లక్ష్మణుడు కొమ్మలు కొట్టి తెచ్చి ఆసనమమర్చెను. రాజభవనము విడిచిన ఇల్లాలికి తెప్పమీద కూర్చుండ చోటు చూపుటయే ఆనాటి గృహస్థధర్మమైనది.

కాని నదిని ఈ గట్టునుండి ఆ గట్టునకు దాటుట వేరు. నీటిమీదనే పల్లెలను పట్టణములను గడచి దేశమును పొడవునా ప్రయాణించుట వేరు. ఈ రెండవ భాగ్యము ఆంధ్రదేశమునకు పందొమ్మిదవ శతాబ్దమున లభించినది. సర్ ఆర్థర్ కాటను దొర పూనికతో ధవళేశ్వరము వద్ద గోదావరికి 1847లో ఆనకట్ట ఆరంభమై 1852లో ముగిసినది. బెజవాడ వద్ద కృష్ణకు 1852లో ఆరంభమై 1855లో ముగిసినది. ఆనకట్టల నుండి చీలిన ప్రధానమైన కాలువలను సేద్యమునకే గాక పడవలు నడచుటకును అనువుగా త్రవ్విరి. దక్షిణమున చెన్నపట్టణమునుండి ఎన్నూరు వరకు 1806లో మొదలైన ఉప్పుకాలువ క్రమముగా ఉత్తరమునకు పెరిగినది. 1876-78 నాటి ఘోరమైన కరవులో కూలి కల్పించుటకై నగరములోని తెగిన భాగమును త్రవ్వించి కలిపిరి. నాటి గవర్నరు పేర అది బకింగ్‌హాం కాలువ అయినది. ఇట్లు కాకినాడనుండి చెన్నపట్టణము వరకు ఎడతెగని నీటిబాట ఏర్పడినది.

ఆ బాట తీరు తెలియవలెనన్న, రైలు రాకమునుపు 1880ల దశకమున కాకినాడలో పడవనెక్కిన దంపతుల నొకరిని మనస్సున భావించుకొనవలెను. భర్తకు చెన్నపట్టణమున కొలువు కుదిరినది. భార్య బియ్యము, చింతపండు, ఊరగాయ జాడీలు, మంచినీళ్ల కడవలు సర్దుకొని పడవలో తాటాకు కప్పు క్రింద చేరినది. ఆ మార్గము కాకినాడనుండి రాజమహేంద్రవరమునకు 50 కిలోమీటర్లు, అచ్చటినుండి ఏలూరు కాలువలో బెజవాడకు 139, బెజవాడనుండి కొమ్మమూరు కాలువలో పెదగంజామునకు 113, పెదగంజామునుండి చెన్నపట్టణమునకు 316. వెరసి 618 కిలోమీటర్లు. గాలి అనుకూలించిన తెరచాప ఎత్తుదురు. లేకున్న గట్టుమీద నడచుచు మనుష్యులు తాటితో లాగుదురు. గంటకు 3 కిలోమీటర్లు, దినమునకు 10 గంటలు చొప్పున లెక్కించినను ఇరువది దినములకు పైబడిన ప్రయాణము.

పడవ ధవళేశ్వరము చేరి రెండు గోడల నడుమ నిలిచినది. ఎదుట పెద్ద తలుపులు మూసియున్నవి. వాని ఆవల నీరు పడవకంటె ఎత్తున ఉన్నది. ఇల్లాలికి గుండె ఝల్లుమన్నది.

“ఏమండీ, ఆ తలుపు తీసినచో నీరంతయు మనమీదనే పడదా?” అని ఆమె భర్తనడిగినది. ఆయనకును తెలియదు. చుక్కాని పట్టిన సరంగు నవ్వి, “భయం లేదమ్మగారూ. ముందు మన ఎనక తలుపు మూస్తారు. అది మూయకుండా ముందు తలుపు తీయరు. రెండూ ఒక్కసారి తీస్తే కాలవంతా కిందికి పోతుంది” అని చెప్పినాడు.

ఇదియే లాకు. దీని కీలు తెలిసికొనదగినది. పల్లపు నీటికిని ఎగువ నీటికిని నడుమ రాతికట్టడపు తొట్టి యొకటి యుండును. దానికి ఈ కొసన నొకటి, ఆ కొసన నొకటి జంట తలుపులుండును. పడవ క్రింది తలుపులగుండ తొట్టిలోనికి వచ్చిన వెంటనే వానిని మూయుదురు. పిమ్మట ఎగువ నీటిని చిన్న తూములగుండ మెల్లగా తొట్టిలోనికి వదలుదురు. నీరు పెరిగినకొలది పడవయు పైకి లేచును. లోపలి నీరు వెలుపలి నీటికి సమానమైనపుడు పై తలుపులు సులభముగా తెరచుకొనును. అంతకు ముందు పదిమంది కూడి నెట్టినను కదలవు. జంట తలుపులు ఎగువకు ముక్కు పెట్టినట్లు కోణముగా కలిసికొనును గనుక నీటి బరువే వానిని బిగించి మూసియుంచును. ఇందు ఆవిరి యంత్రము లేదు, ఎద్దుల బలము లేదు. నీటి బరువును క్రమమెరిగి వాడుకొనుట మాత్రమే కలదు.

ఈ విద్య మిక్కిలి పాతది. చీనాదేశమున మహాకాలువపై చియావో వైయువే అను అధికారి క్రీ.శ. 984లో రెండు తలుపుల లాకును నిర్మించెను. మన నన్నయభట్టు రాజమహేంద్రవరమున భారతాంధ్రీకరణమునకు పూనుకొనుటకు అది అర్ధశతాబ్దమునకు పైగా ముందు మాట. కోణముగా కలియు తలుపులను పదునైదవ శతాబ్దపు చివర ఇటలీలో లియొనార్డో డా విన్చి చిత్రించి చూపెను. 1914లో తెరచిన పనామా కాలువలో సముద్రపు ఓడలను 26 మీటర్ల ఎత్తుననున్న సరస్సునకు ఎక్కించి దింపునవియు లాకులే. చిన్న పడవను ఎత్తిన ధర్మమే మహానౌకను ఎత్తుచున్నది.

దంపతుల పడవ ధవళేశ్వరపు లాకునుండి గోదావరిలోనికి వచ్చినది. కాలువలో గట్టు చేతికందునట్లుండెను. ఇచ్చట ఆవలి ఒడ్డు కానరాదు. క్రింద ఆనకట్టమీదుగా నీరు దుముకు హోరు వినవచ్చుచున్నది. ఆ దాటునందు ఇల్లాలు సీతాదేవివలె చేతులు జోడించియుండును. విజ్జేశ్వరము లాకులో దిగి, నీటి వాలున ఏలూరు చేరిరి. అచ్చట చిత్రమొకటి కలదు. గోదావరినుండి వచ్చు కాలువయు, కృష్ణనుండి వచ్చు కాలువయు ఏలూరు వద్ద కలిసికొనును. అంతవరకు వాలుతో నడచిన పడవ అచ్చటినుండి ఎదురునీటిలో లాకులెక్కుచు బెజవాడకు పోవలెను. పిమ్మట కృష్ణను దాటి సీతానగరము లాకున దిగి, దుగ్గిరాల మీదుగా పెదగంజాము చేరునప్పటికి తీపినీరు ముగియును. ఆ మీదట సముద్రపు పోటుపాటులకు లోబడిన ఉప్పునీరు. కృష్ణపట్టణము, పులికాటు సరస్సు గడచువరకు త్రాగునీటిని కడవలలో కాపాడుకొనుట ఇల్లాలి వంతు. ఉప్పు, వంటచెరకు ఎక్కించుకొని నగరమునకు పోవు పడవలు తోడు వచ్చును. ఇరువది దినములు ఒక కప్పు క్రింద ఎండకు వానకు కలిసి ఓర్చుకొనిన దంపతులకు చెన్నపట్టణమున క్రొత్తకాపురము అంత క్రొత్తగా తోచియుండదు.

అట్టి బాట ఏమైనది? 1900లో గోదావరిపై రైలువంతెన తెరచిరి. ఇరువది దినముల ప్రయాణము రైలున రెండు దినముల లోపలిదైనది. తరువాత బస్సులు, లారీలు వచ్చినవి. వేగము కోరువారిని తప్పుపట్టుటకు వీలులేదు. కాని రైలు వచ్చుట చేతనే కాలువ పూడిపోలేదు. రాబడి తగ్గిన కాలువను చూచువారు తగ్గిరి. ఉప్పుకాలువలో తుపానులు ఇసుక మేట వేసినవి. పట్టణములు మురికిని వదలినవి. లాకుల తలుపులు పుచ్చిపోయినవి. త్రోవలో నొక గుంత పడినచో బండి ప్రక్కగా పోవచ్చును. నీటిబాటలో ఒక్క లాకు చెడినచో 618 కిలోమీటర్లును రెండు ముక్కలగును. 2008లో భారతప్రభుత్వము ఈ కాలువలను గోదావరీ కృష్ణా నదుల భాగములతో కలిపి నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించినది. అయినను కాకినాడలో ఎక్కి చెన్నపట్టణమున దిగు వీలు నేటికిని తిరిగి కలుగలేదు. త్రవ్వుటకు పట్టిన శ్రమకంటె పోయినదానిని మరల నిలుపుటకు పట్టు శ్రమ తక్కువ కాదని దీనివలన తెలియుచున్నది.

ఇదంతయు కోస్తావారి కథ యనుకొనరాదు. రాయలసీమలోను పడవల కాలువ యొకటి ఉండెను. కాటను దొర ప్రోత్సాహమున ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వపు పూచీ పొంది, 1860ల దశకమున కర్నూలు-కడప కాలువను త్రవ్వించినది. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్టనుండి బయలుదేరి, కర్నూలు వద్ద హంద్రీనదిని వంతెనవంటి కట్టడముపై దాటి, కుందూనది లోయ వెంట కడప చేరు ఆ కాలువ సుమారు 300 కిలోమీటర్ల పొడవుగలది. దానికిని లాకులు కట్టిరి, పడవలు నడిచినవి. కాని వ్యయము అంచనాలను మించినది. నల్లరేగడిలో మెట్టపైరుకు అలవడిన రైతులు ఆ నీటిని తగినంతగా తీసికొనలేదు. వడ్డీ భారము మిగిలినది. 1882లో ప్రభుత్వము కాలువను కొనివేసినది. కాలక్రమమున పడవలు నిలిచిపోయి అది సేద్యపు కాలువగా మాత్రము మిగిలినది. నీటిని తెచ్చినవారు రైతు మనస్సును ముందుగా తెలిసికొనకపోయిరి. లోపలి నీరు వెలుపలి నీటికి సమానము కాకమునుపే తలుపు నెట్టినట్లైనది.

ఆనాడు హంద్రీనది కాలువకు అడ్డమైనది. నేడు ఆ పేరే కాలువకు పెట్టినారు. హంద్రీ-నీవా పథకము శ్రీశైలము జలాశయమునుండి కృష్ణానీటిని విద్యుత్తు మోటారులతో మెట్లుమెట్లుగా ఎత్తి తెచ్చుచున్నది. 2012లో ఆ నీరు జీడిపల్లి జలాశయమును, 2016లో పెనుకొండ మండలములోని గొల్లపల్లి జలాశయమును చేరినది. లాకులో నీరు పడవను ఎత్తును. ఇచ్చట మనుష్యుడు నీటినే ఎత్తుచున్నాడు. ఏలూరు దంపతుల పడవక్రింద పారిన కృష్ణ నేడు పెనుకొండ కొండల చెంతకు వచ్చినది. దీనిని విలువ తెలిసి వాడుకొనుట ఈ సీమవారి వంతు.

ఆ విలువ ఈ సీమకు తెలియనిది కాదు. బుక్కపట్టణము, ధర్మవరము చెరువులు కట్టిన పూర్వులు కట్టతోను, తూముతోను, మరవతోను ఊరుకొనలేదు. నీరుగంటి యనువానిని నియమించిరి. ఏ పొలమునకు ఎప్పుడు తూము తీయవలెనో, ఎప్పుడు మూయవలెనో వాడెరుగును. పెద్దరైతని ముందు, పేదరైతని వెనుక అనక వంతు ప్రకారము నీరు పెట్టిననే ఊరికి శాంతి. లాకువద్ద కాపున్నవాడును, తూమువద్ద నీరుగంటియు ఒకే ధర్మమును ఆచరించినవారు. తెరచుట ఎంత ముఖ్యమో వేళకు మూయుటయు అంత ముఖ్యము. ఆ కాపరి తొలగిన చోట రాతికట్టడమెంత గట్టిదైనను నిలువదు.

గ్రంథాలయ సభలో ఈ మాటలకు చోటుండుటకు మరియొక కారణము కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. ఉప్పును ధాన్యమును మోసిన కాలువ గ్రంథములను మోసినది. చదువరి పుస్తకమును వెదకికొని రాలేనిచో పుస్తకమే చదువరి రేవునకు పోవలెనని ఆయన తలచిరి. ఈ గ్రామమున కాలువ రేవు లేకపోవచ్చును. నడువలేని వృద్ధులు, పని తీరిక లేని ఇల్లాండ్రు, బడి మానిన పిల్లలు ప్రతి వీధిలోను ఉన్నారు. వారి గడపలే రేవులు.

ఇరువదియైదేండ్లు గ్రంథాలయము నిలిచినదన్న, ప్రతిదినము వేళకు తలుపు తీసి, దీపము పెట్టి, పుస్తకములు ఇచ్చిపుచ్చుకొని, లెక్క వ్రాసి, వేళకు తలుపు మూసినవారుండుటచేతనే నిలిచినది. వారి పేరు శిలాఫలకములమీద ఉండదు. లాకుల కాపరుల పేరును చరిత్రలో లేదు. ఆ వంతు తప్పక చేయువారు ముందును ఈ గ్రామమున పుట్టుదురు గాక! చదువరులను కొంచెము కొంచెముగా పైకెత్తు ఈ జ్ఞానజలము ఎండకుండు గాక!